రంగు పడకముందే వాటర్‌కలర్ కాగితాన్ని తడిపి బిగించడం ఎలా

నీటిరంగుల బొమ్మ సగంలో ఉండగా కాగితం మధ్యలో లేచి గట్లు, గుంటలు కట్టిందంటే ఆకాశానికని వేసిన నీలమంతా ఆ గుంటల్లోకి జారి మడుగు కడుతుంది. ఆరాక మడుగు చుట్టూ ఒక ముదురు అంచు మిగిలిపోతుంది. తర్వాత ఎంత తుడిచినా ఆ అంచు పూర్తిగా పోదు. చాలామంది ఇది తమ కుంచెపని లోపమనుకుంటారు. నిజానికి తడిస్తే ఉబ్బడం కాగితం స్వభావం. ఆ ఉబ్బేదేదో ముందే ఉబ్బించేసి, ఆరి ముడుచుకునేటప్పుడు నాలుగు అంచులూ జారకుండా పట్టి ఉంచితే చాలు. స్ట్రెచింగ్ అనే పనంతా ఇంతే.

కాగితంలోని పీచు నీళ్లు తాగి లావెక్కుతుంది. షీటంతా ఒకేసారి తడిస్తే అన్ని వైపులా సాగి చదునుగానే ఉంటుంది. బొమ్మ వేసేటప్పుడు అలా జరగదు. ఇక్కడ ఒక వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపి పరిచే పల్చని రంగు, అక్కడ పొడి. తడిసిన చోటు పెరుగుతుంది, చుట్టూ ఉన్న పొడి కాగితం దానికి జాగా ఇవ్వదు, దాంతో అది పైకి లేస్తుంది. 56 × 76 సెం.మీ. పూర్తి షీటు నానితే ఒక దిక్కున దాదాపు ఒక సెంటీమీటరు దాకా పెరగవచ్చు. నానిన ఆ కొలతలోనే అంచుల్ని కట్టేస్తే, ఆరేటప్పుడు ముడుచుకుందామన్నా వీల్లేక కాగితం డప్పులా బిగుసుకుంటుంది. తర్వాత రంగుతో మళ్లీ తడిసినప్పుడు ఆ బిగువు కాస్త సడలుతుందే తప్ప కాగితం లేవదు. ఒకవేళ కొద్దిగా లేచినా ఆరగానే మళ్లీ చదునవుతుంది.

మీ కాగితానికి ఇది అవసరమా?

ముందు ఇది తేల్చుకోండి, అక్కర్లేని పని తప్పుతుంది. కాగితం మందాన్ని జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెబుతారు. 190 జీఎస్ఎం కాగితం మీద ఏ కాస్త వాష్ వేయాలన్నా బిగించాల్సిందే. 640 జీఎస్ఎం అట్టలా ఉంటుంది, దాన్ని బిగించే పని లేదు. 425 జీఎస్ఎం సగం షీటు వరకు మామూలుగా నిలబడుతుంది. చిక్కంతా అందరూ వాడే 300 జీఎస్ఎంతోనే. పావు షీటు, అంటే సుమారు 28 × 38 సెం.మీ. ముక్క మీద తక్కువ నీళ్లతో, చిన్న చిన్న చోట్ల రంగు వేసుకుంటూ పోయేవాళ్లకు చుట్టూ మాస్కింగ్ టేప్ వేసుకుంటే సరిపోతుంది. అదే 300 జీఎస్ఎం సగం షీటు మీద తడి మీద తడిగా పొగమంచో, పెద్ద ఆకాశమో వేయాలంటే బిగించకుండా మొదలుపెట్టకండి.

కాగితాల్ని దొంతరగా పేర్చి, నాలుగు అంచులూ జిగురుతో అంటించి వచ్చే బ్లాకుల గురించి ఒక మాట. అవి ఆరాక చదునవుతాయన్నది నిజమే. కానీ తడిగా ఉన్నప్పుడు లేస్తాయి, రంగు మడుగు కట్టేదీ అప్పుడే. బ్లాకు కొన్నాం కదా ఇక ఇబ్బంది లేదనుకోవద్దు.

కాగితం దేనితో తయారైందో కూడా చూసుకోండి. నూరు శాతం కాటన్ కాగితం నానబెట్టడాన్ని బాగా తట్టుకుంటుంది. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితాన్ని కొద్దిసేపే తడపాలి. ఎక్కువ నానితే పైపొర మెత్తబడి, కుంచెతో రెండుసార్లు రుద్దేసరికి నూగు లేస్తుంది.

సైజింగ్ అంటే కాగితానికి పెట్టిన గంజి

నానబెట్టేటప్పుడు జరిగే పొరపాట్లు అర్థం కావాలంటే సైజింగ్ సంగతి తెలియాలి. బట్టకు గంజి పెట్టినట్టే వాటర్‌కలర్ కాగితానికి జెలటిన్‌నో, దాని బదులు మరో పదార్థాన్నో పట్టిస్తారు. కొన్ని కాగితాలకు గుజ్జులోనే కలుపుతారు, కొన్నింటికి షీటు తయారయ్యాక జెలటిన్ తొట్టిలో ముంచి పైపూత కూడా ఇస్తారు. రంగు వెంటనే లోపలికి ఇంకిపోకుండా పైన నిలబడేదీ, కాసేపటి తర్వాత కూడా తడి కుంచెతో కొంత రంగు లేపగలిగేదీ దీని వల్లే. ఇది పోతే మిగిలేది బ్లాటింగ్ పేపరు.

జెలటిన్ వేడి నీళ్లలో కరుగుతుంది. అందుకే నానబెట్టడానికి చన్నీళ్లే వాడాలి. త్వరగా నానుతుందని గోరువెచ్చని నీళ్లు పోస్తే అసలుకే మోసం. అలాగని కాస్త సైజింగ్ పోవడం ఎప్పుడూ నష్టమే అనుకోకండి. మరీ గట్టి సైజింగ్ ఉన్న కాగితం మీద మొదటి వాష్ చుక్కలు చుక్కలుగా విడిపోతుంటుంది, కాసేపు నానితే అది తగ్గి రంగు సాఫీగా పరుచుకుంటుంది. అందుకే నానిన కాగితం పని చేసే తీరు పొడి కాగితానికి కాస్త భిన్నంగా ఉంటుంది. జెలటిన్ పట్టించిన కాగితం తడిసినప్పుడు ఒక రకం పచ్చి తోలు వాసన వస్తుంది. కాగితం పాడైందని పారేయకండి, ఆరితే పోతుంది.

కావలసినవి

బోర్డు: కనీసం 9, వీలైతే 12 మి.మీ. ప్లైవుడ్. కాగితం కంటే ప్రతి వైపూ 5 సెం.మీ. పెద్దదిగా కోయించండి. ఆరేటప్పుడు కాగితం లాగే బలం తక్కువేమీ కాదు, పల్చని బోర్డును విల్లులా వంచేస్తుంది. కొత్త ప్లైవుడ్‌ను అలాగే వాడితే చెక్కలోని గోధుమరంగు తడికి దిగి కాగితానికి అంటవచ్చు. రెండు పూతలు వార్నిష్ వేసి, ఆరాక సన్న ఇసుక కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. ఈ రుద్దడం మానకండి, అద్దంలా నున్నగా ఉన్న పూతకీ లామినేట్‌కీ గమ్ టేప్ పట్టదు.

టేప్: ఒక వైపు ఎండు జిగురు పూసి, తడిపితేనే అంటుకునే గోధుమరంగు కాగితపు గమ్ టేప్. వెడల్పు 5 సెం.మీ. ఉండాలి, సన్నది వద్దు. పార్సెళ్లకు వేసే ప్లాస్టిక్ టేప్ రంగులో ఇలాగే కనిపిస్తుంది కానీ తడి కాగితానికి ఒక్క క్షణం కూడా అంటదు. మాస్కింగ్ టేపూ అంతే. అనుమానంగా ఉంటే ముక్క చింపి మెరిసే వైపు తడి వేలితో తాకండి. వేలికి అంటుకుంటే అదే.

ఇవి కాక షీటు పట్టే ట్రే లేదా శుభ్రమైన తొట్టి, స్పాంజి, రెండు పొడి తువ్వాళ్లు, కత్తెర. తొట్టిలో సబ్బు జిడ్డు మిగలకూడదు, సబ్బు సైజింగ్‌ను దెబ్బతీస్తుంది.

పని మొదలు

చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. చేతికి రాసుకున్న క్రీము, చర్మం మీది నూనె కాగితానికి అంటితే అప్పుడేమీ కనిపించదు. ఆకాశం వాష్ వేశాక సరిగ్గా మధ్యలో రంగు పట్టని వేలిముద్ర తేలుతుంది. షీటును ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోండి. వాటర్‌మార్క్ ఉంటే వెలుతురుకు ఎత్తి చూడండి, అక్షరాలు సూటిగా చదవగలిగే వైపు ముందువైపు. మంచి కాటన్ కాగితానికి రెండు వైపులా బొమ్మ వేయవచ్చు, కాకపోతే గరుకులో కొద్ది తేడా ఉంటుంది. ఏది నచ్చితే ఆ వైపు మూలన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. తడిశాక ఏ వైపు ఏదో తెలియదు.

కాగితాన్ని నీళ్లలో పెట్టకముందే నాలుగు టేప్ ముక్కలూ కత్తిరించి పెట్టుకోవాలి. ప్రతి ముక్కా ఆ వైపు కొలత కంటే 5 సెం.మీ. పొడవుండాలి. తడి చేతుల్తో టేప్ చుట్ట పట్టుకుంటే చుట్ట మొత్తం అతుక్కుపోయి దేనికీ పనికిరాదు. ఆ ముక్కల్ని నీటి చుక్క పడని చోట, పని చేసే చేతికి అందేలా పరచండి.

ఇప్పుడు కాగితాన్ని ఒక అంచు నుంచి ఏటవాలుగా నీళ్లలోకి జార్చండి. పడేసినట్టు పరిస్తే కింద గాలి చిక్కుకుని ఆ మేర పొడిగా మిగిలిపోతుంది. నిమిషం తర్వాత తిరగేయండి. ఎంతసేపంటే: 190 జీఎస్ఎంకి రెండు మూడు నిమిషాలు, 300కి అయిదు నుంచి ఎనిమిది, 425కి పది పదిహేను. అయితే గడియారం కంటే మూల నమ్మకమైనది. ఒక మూల పట్టి కొద్దిగా వంచి వదలండి. టక్కున వెనక్కి లేస్తే ఇంకా నానాలి. వంగినది వంగినట్టే మెల్లగా వాలి ఉండిపోతే, నడిమి దాకా తడి చేరింది, తీసేయవచ్చు. గుడ్డముక్కలా పూర్తిగా వేలాడుతోందంటే ఎక్కువ నానినట్టు.

పెద్ద తొట్టి లేనివాళ్లు కాగితాన్ని బోర్డు మీదే పరిచి వెనకవైపు స్పాంజితో బాగా తడిపి, అయిదు నిమిషాలు ఆగి, తిప్పి ముందువైపు తడిపి, ఇంకో అయిదు నిమిషాలు ఆగవచ్చు. నడుమ ఎక్కడైనా మెరుపు తగ్గితే మళ్లీ తడపాలి. స్పాంజిని అద్దుతూ పోవాలి, రుద్దకూడదు.

నానిన షీటును రెండు మూలలు పట్టి పైకెత్తి, ఒక మూల కిందికి వాలేలా పట్టుకోండి. ధారగా కారే నీళ్లు చుక్కలుగా మారేదాకా అలాగే ఉంచండి, అర నిమిషం పడుతుంది. తర్వాత ఒక అంచును బోర్డుకు ఆనించి మిగతాది మెల్లగా దించండి. కింద గాలి బుడగ చిక్కితే చేత్తో తోయకండి, ఆ వైపు ఎత్తి మళ్లీ పరవండి. తడి కాగితం పైపొర చాలా సున్నితం. తువ్వాలు పెట్టి రాస్తే అక్కడ పీచు లేస్తుంది, బొమ్మ వేసేటప్పుడు ఆ మచ్చ ముదురుగా రంగు పీల్చుకుంటుంది. పరిచాక రెండు మూడు నిమిషాలు అలా వదిలేయండి. ఉబ్బడం ఇంకా ఆగి ఉండదు. ఈలోగా ఎక్కడైనా అల లేస్తే దగ్గరి అంచు ఎత్తి సర్దుకోండి. టేప్ పడ్డాక సర్దడానికి ఉండదు.

టేప్ వేయడం

బిగించడంలో అసలు కిటుకు టేప్‌దే. బిగించిన కాగితం ఊడిపోవడానికి చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది, అదీ నీళ్లు ఎక్కువవడం వల్లే. తక్కువ తడి వల్ల ఊడేది అరుదు.

ముందు అంచుల సంగతి. పొడి తువ్వాలు మడిచి షీటు నాలుగు వైపులా 3 సెం.మీ. వెడల్పు మేర అద్దండి. నీటి మెరుపు పోవాలి కానీ కాగితం చల్లగా, తడిగానే ఉండాలి. వెలుతురుకు వంగి చూస్తే మధ్యభాగం మెరుస్తూ అంచు మాత్రం మెరుపు లేకుండా కనిపిస్తుంది. చుట్టూ బోర్డు మీద చిందిన నీళ్లు కూడా పూర్తిగా తుడవండి.

స్పాంజిని తడిపి గట్టిగా పిండి, టేప్ జిగురు వైపు ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒక్కసారి లాగండి. రెండోసారి లాగితే జిగురు స్పాంజికే వచ్చేస్తుంది. నీటి గిన్నెలో టేప్ ముంచడం అసలు వద్దు. తడవగానే టేప్ చుట్ట తిరుగుతుంది, పది పదిహేను సెకన్లు ఆగితే ఆ చుట్ట సడలి, జిగురు జారుడు తగ్గి బంకగా అవుతుంది. అప్పుడు వేయండి. సగం కాగితం మీద, సగం బోర్డు మీద పడాలి. పెద్ద షీటుకు కాగితం మీద కనీసం 2 సెం.మీ. పట్టు ఉండాలి. బొమ్మ ఇంకాస్త పెద్దగా వస్తుందని ఆశపడి అర సెంటీమీటరే వేస్తే రాత్రికి రాత్రి ఊడుతుంది.

పొడవైన వైపులు రెండూ ముందు, పొట్టివి తర్వాత. మూలల్లో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడాలి. ప్రతి ముక్కనీ మధ్య నుంచి చివరలకు పొడి గుడ్డతో గట్టిగా నొక్కుతూ పోండి. కాగితం అంచు దగ్గర చిన్న మెట్టులా ఉంటుంది కదా, అక్కడ టేప్ కింద గాలి మిగలకుండా గోటి వెనకవైపుతో ఒత్తండి. బొమ్మ వేసే చోట జిగురు చుక్క పడితే వెంటనే తడి స్పాంజితో అద్ది తీసేయండి. ఎండితే ఆ మచ్చ మీద రంగు పట్టదు.

ఆరబెట్టడం

బోర్డును చదునుగా పడుకోబెట్టండి. గోడకు ఆనిస్తే నీళ్లన్నీ కింది అంచుకు దిగి, పైభాగం ముందు ఆరి లాగడం మొదలుపెట్టేసరికి కింద జిగురు ఇంకా పచ్చిగానే ఉంటుంది. అక్కడే ఊడుతుంది. ఎండలోనూ, ఫ్యాను సూటిగా తగిలే చోటా పెట్టకండి. కాగితం లాగడం మొదలుపెట్టేలోపు టేప్ ఆరి పట్టు బిగించాలి, ఆరడంలో వరస ఇదే. మరీ తొందరైతే హెయిర్‌డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి టేప్ మీద మాత్రమే తిప్పండి, మధ్యభాగాన్ని దాని మానాన ఆరనివ్వండి.

గంటన్నర, రెండు గంటలకు వచ్చి చూస్తే కాగితం అక్కడక్కడా అలలు తేలి భయపెడుతుంది. కంగారుపడి టేప్ పీకినవాళ్లు చాలామందే ఉంటారు. ముట్టుకోకండి. కొన్ని చోట్లు ముందు ఆరాయని మాత్రమే దాని అర్థం, పూర్తిగా ఆరేసరికి అన్నీ సమమవుతాయి. 300 జీఎస్ఎం కాగితాన్ని రాత్రి బిగించి పొద్దున వాడుకోవడం మేలు. ఆరిందో లేదో వేళ్లతో తెలియదు, చేతి వెనకవైపు ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. ఆరినదాన్ని గోటితో మీటితే టంగుమని పలుకుతుంది.

టేప్ బదులు స్టేపులర్ గన్ వాడేవాళ్లూ ఉన్నారు. తడి ఎక్కువైతే ఊడుతుందన్న భయం దానికి లేదు. 6 నుంచి 8 మి.మీ. పిన్నులు, అంచుకు ఒక సెంటీమీటరు లోపల. ఒక వైపు మధ్యలో ఒకటి, దాని ఎదుటి వైపు మధ్యలో ఒకటి కొట్టి, అలా ఎదురెదురుగా మూలల వైపు జరుగుతూ ప్రతి 5 సెం.మీ.కి ఒకటి వేయండి. మూలలు చివరిగా. తుప్పు మరక దిగినా అది కోసేసే అంచులోనే ఉంటుంది.

ఏది చెడితే ఎందుకు చెడినట్టు

ఒక వైపు టేప్ కాగితం నుంచి ఊడిందంటే అంచు సరిగా అద్దలేదు. బోర్డు నుంచి ఊడిందంటే బోర్డు మరీ నున్నగానో తడిగానో ఉంది. రెండు సందర్భాల్లోనూ ఆ వైపుకు కొత్త ముక్క అంటిస్తే సరిపోదు. ఆ పక్క కాగితం ఇప్పటికే ముడుచుకుపోయింది. మొత్తం తీసి మళ్లీ నానబెట్టాల్సిందే, కాటన్ కాగితమైతే రెండోసారీ తట్టుకుంటుంది.

మూల నుంచి మధ్యకు ఏటవాలు ముడత పడితే ఆ మూల పట్టు జారిందని గుర్తు. అంతా బాగానే బిగిసి, మొదటి వాష్‌కే మధ్యలో బొప్పి కట్టిందంటే కాగితం నడిమి దాకా నానలేదు, పైపైన తడిసింది. కాగితమే చిరిగితే చాలాసేపు నానిన పల్చని షీటును వేడిగా, త్వరగా ఆరబెట్టి ఉంటారు.

రంగు వేయగానే మచ్చలు మచ్చలుగా ఇంకిపోతుంటే అది బిగించడంలో వచ్చిన లోపం కాకపోవచ్చు. చెమ్మ తగిలే చోట ఏళ్ల తరబడి దాచిన కాగితంలో సైజింగ్ అక్కడక్కడా చచ్చిపోతుంది. అందుకే పాత షీటును నానబెట్టకముందే మూలన పల్చని రంగు రాసి చూడండి. చుక్క పైన నిలబడి మెల్లగా ఆరితే మంచిది, తాకగానే ఇంకి వెనకవైపు తేలితే ఆ షీటును రంగుల కలయికలు చూసుకోవడానికి ఉంచుకోండి.

బిగించాక, కోసే దాకా

డ్రాయింగ్ బిగించిన తర్వాతే వేయండి. నానిన కాగితం ఉపరితలం ముందుకంటే మెత్తగా ఉంటుంది కాబట్టి హెచ్‌బీ పెన్సిల్‌తో తేలిగ్గా గీసి, చెరపాల్సి వస్తే పిసికే రబ్బరుతో అద్ది తీయండి. మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు పడకూడని చోట పూసి, తర్వాత లాగేసే ద్రవం) వాడేట్టయితే కాగితం పూర్తిగా ఆరిందని రూఢి చేసుకోండి. కాస్త తడి ఉన్నా అది పీచులోకి దిగి, లాగేటప్పుడు కాగితం పైపొరతో సహా లేచి వస్తుంది.

బొమ్మ పూర్తయ్యాక వెనకవైపు కూడా ఆరేదాకా, అంటే ఇంకో రాత్రి, బోర్డు మీదే ఉంచండి. తడిగా కోస్తే అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా, విడిగా ఆరి అలలు కడుతుంది. స్కేలు ఆనించి పదునైన బ్లేడుతో టేప్‌కు లోపలి అంచున కోయండి. ఒక వైపు కోశాక ఎదుటి వైపు, ఆ తర్వాత మిగతా రెండు. నాలుగూ పూర్తిగా తెగకముందే ఎత్తబోతే మూలలో బిగువు మిగిలి బొమ్మ చిరుగుతుంది.

బోర్డు మీద మిగిలిన టేప్ మీద వేడి నీళ్లలో ముంచిన గుడ్డ పరిచి పది నిమిషాలు వదిలితే ప్లాస్టిక్ గీకుడుబిళ్లతో సులువుగా వస్తుంది. ఆ తర్వాత తడి చేత్తో బోర్డంతా ఒకసారి తడిమి చూడండి. ఎక్కడైనా వేళ్లకు బంకగా తగిలితే మళ్లీ కడగండి, లేకపోతే తర్వాత పరిచే షీటు వెనకవైపు ఆ జిగురుకే అతుక్కుని, కోసి ఎత్తబోయేటప్పుడు చిరుగుతుంది.